నలుగురు కలిసి చేస్తే

"చిన్నపిల్లల లెక్కలే కదా, దానికింత ఆలోచనెందుకు?" అన్నాడు భర్త, తాగేసిన కప్పు తెచ్చి ఆమె ముందు పెడుతూ.

సింకు ఆ పక్కనే ఉంది. ఆ మాట ఆమె అనలేదు. అనడం మానేసి చాలా కాలమైంది. బీన్స్ తరుగుతూనే కప్పుని మోచేత్తో పక్కకి జరిపింది. తరిగేది చేతులే, మనసు మర్నాటి క్లాసులో ఉంది. ముప్పై మంది పిల్లలు, ఒక్కో బెంచీ మీద నలుగురు, మొత్తం ఎన్ని బెంచీలు కావాలి? ఏడు, శేషం రెండు అని రాసేసి చేతులు దులుపుకుంటారు పిల్లలు. ఆ శేషం రెండు అంటే ఇద్దరు పిల్లలనీ, బెంచీ లేక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారనీ వాళ్ళకి తట్టేదెలా? తనే చెప్పేస్తే ప్రయోజనం లేదు. వాళ్ళంతట వాళ్ళకే ఆ ఇద్దరూ కనబడాలి. అదే నలుగుతోంది ఆమె బుర్రలో. "ఆ ఇద్దరి సంగతి ఏం చెయ్యాలో" అని పొరపాటున పైకి అనేసింది. ఏ ఇద్దరని అతనడిగాడు, ఆమె చెప్పింది, అతను నవ్వాడు.

చిన్నపిల్లల లెక్కలే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చిన్న లెక్కలు, చిన్న బడి, చిన్న జీతం. అతను ఒక కంపెనీలో పెద్ద పెద్ద అంకెలు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. ఇంట్లో లెక్కల బుర్ర ఎవరిదంటే అతనిదే. కూతురికి మంచి మార్కులొస్తే "నా పోలిక" అంటాడు. తగ్గితే "మీ అమ్మ పోలికే" అంటాడు. నవ్వుతూనే అంటాడు, అదే ఇబ్బంది. నవ్వుతూ అన్నదానికి కోప్పడితే, సరదాకి కూడా ఏమీ అనకూడదా అంటారు. కాలేజీలో లెక్కల్లో ఆమెని దాటినవాళ్ళు లేరని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళి మాటలప్పుడే ఆమె తండ్రి గొప్పగా చెప్పుకున్నాడు, మా అమ్మాయి లెక్కల్లో దిట్ట అని. "ఇంకేం, ఇల్లు లెక్కగా నడుపుతుంది" అన్నాడు అప్పటికింకా బతికున్న మామగారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తర్వాత హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. పెద్ద తరగతులు, పెద్ద లెక్కలు, ఊరికి ఆ చివర. అప్పటికి పాప పాలు మానలేదు. అత్తగారికి మోకాళ్ళు అప్పుడే మొరాయించడం మొదలుపెట్టాయి. "ఈ వీధి చివర బడిలో కూడా ఖాళీ ఉందట. ఇంటి పక్కనైతే నీకే సుఖం" అన్నాడు భర్త. నీకే అన్న మాట మీద ఆమె చాలాసార్లు ఆలోచించింది. ఈ ఇంట్లో ఆమె వదులుకోవాల్సినవన్నీ ఆ మాటతోనే వస్తాయి. పొద్దున్నే లేచి వంట చేసేసుకుంటే నీకే తీరిక. పుట్టింటికి వెళ్ళడం తగ్గించుకుంటే నీకే ప్రయాణం తప్పుతుంది. అలా, తన సుఖం కోసమే, కొన్నాళ్ళకని చిన్న బడిలో చేరింది. ఆ కొన్నాళ్ళు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

కాకపోతే ఒక విచిత్రం జరిగింది. ఎవరికి చెప్పినా నమ్మరని ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్నపిల్లలకి లెక్క చెప్పడం, తను చదివిన పెద్ద లెక్కలన్నిటికంటే కష్టంగా తేలింది. కష్టంగానూ, ఇష్టంగానూ. నాలుగో తరగతిలో సన్నగా, ఎప్పుడూ కదులుతూ ఉండే ఒక పిల్ల ఉంది. పిచ్చుక అంటారు అందరూ. లెక్కలో ఎక్కడ రెండు అంకెలు కనబడ్డా కలిపేస్తుంది. "ఎందుకు కలిపావు?" అనడిగితే "రెండు ఉన్నాయిగా టీచర్, ఊరికే వదిలేస్తామా" అంటుంది. ఆ పిల్ల కోసమే ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. లెక్క చదివేటప్పుడు అంకెల మీద వేలు పెట్టి మూసెయ్యాలి. అంకెలు తీసేస్తే మిగిలేది కథ. ఆ కథలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, చివరికి ఏమవుతుంది అనేది చెప్పాలి. కథ అర్థమయ్యాక వేలు తియ్యాలి. జవాబు వచ్చాక ఇంకో ప్రశ్న వేసుకోవాలి, ఇది నిజంగా జరిగే పనేనా అని. మొదట్లో పిల్లలు నవ్వారు. పై తరగతుల లెక్కల సారయితే స్టాఫ్ రూములో అందరి ముందూ "మేడం గారు లెక్కల పీరియడ్లో కథలు చెప్పి జోకొడతారు" అన్నాడు. కానీ మెల్లిమెల్లిగా పిచ్చుక కలపడం మానేసి ఆగి చూడ్డం నేర్చుకుంది. ఆ ఆగడం చూసిన రోజున ఆమె ఇంటికి నడుస్తూ తనలో తనే నవ్వుకుంది. గేటు తియ్యగానే "ఇవాళ ఆలస్యమైందేం?" అన్నారు అత్తగారు. ఆ నవ్వు అక్కడితో సరి.

కూతురు కూడా అదే తరగతి. బడిలో "టీచర్" అనాలి, "అమ్మా" అనకూడదని వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందం. ఆ పిల్ల దాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తుందంటే, ఒకసారి జ్వరమొచ్చి వణుకుతూ కూడా "టీచర్, నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి" అంది.

ఇలా ఉండగా హెడ్‌మాస్టారు ఆమెని గదికి పిలిచారు. పిల్లలకి కూడికలు వస్తున్నాయి కానీ లెక్క మాటల్లో ఇస్తే చెయ్యలేకపోతున్నారని తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారట. అందుకని ఒక రోజు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందే క్లాసు నడుపుతారు. విద్యాశాఖ నుంచి అధికారి కూడా వస్తారు.

"మీ క్లాసే చూపిద్దాం. మీ కథల పద్ధతి చూడ్డానికి బాగుంటుంది" అన్నారాయన. "కాకపోతే నాలుగైదు లెక్కలు ముందే చేయించి పెట్టండి. ఎవరు ఏది చెప్పాలో కూడా అనుకుని ఉంచండి. ఆఖర్న అభాసుపాలు కాకూడదు."

"ముందే చేయిస్తే ఇక చూపించడానికేం ఉంటుంది సార్?"

"అదంతా మీకు తెలుసు, నాకు తెలుసు. వచ్చేవాళ్ళకేం తెలుసు?" అని నవ్వి, "ఆ, టీ బిస్కెట్ల సంగతి, బల్ల మీద పూలు, అవన్నీ కూడా మీరే చూసుకోండమ్మా. ఆడవాళ్ళ చెయ్యి పడితే ఆ తీరే వేరు" అన్నారు.

ఆమె లెక్కలు ముందే చేయించలేదు. టీ బిస్కెట్ల సంగతి మాత్రం చూసింది.

భర్త కూడా వస్తానన్నాడు. అధికారి వస్తున్నాడని తెలిశాకే అన్నాడు. "ఆఫీసులో చెప్తే ఒకటే నవ్వు, పెళ్ళాం క్లాసులో కూర్చోడానికి సెలవా అని" అన్నాడు, ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆమె అప్పటికి పొద్దుటి వంట, మధ్యాహ్నం వంట ముగించి, అత్తగారికి వేడినీళ్ళు పెట్టి, పిల్లకి జడ వేసి, తన తల దువ్వుకోవడం మరిచిపోయి ఉంది.

క్లాసు బాగానే మొదలైంది. వెనక వరసల్లో పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న పెద్దవాళ్ళు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, ఎవరూ అలా కూర్చోమనకపోయినా. ఆమె బెంచీల లెక్క ఇచ్చింది. పిల్లలు అంకెల మీద వేళ్ళు పెట్టి కథ చదివారు. ఒకడు లేచి ఏడు అన్నాడు. వెంటనే పిచ్చుక "అయ్యో, ఆ ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారు?" అని అరిచింది. ఎనిమిది, ఎనిమిది అని క్లాసంతా గోల. వెనక కూర్చున్న ఒక తల్లి పైకే "భలే" అంది. ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. అధికారి తల ఊపాడు. హెడ్‌మాస్టారు ఆయన వైపు వంగి "ఇది మా స్కూల్ పద్ధతండీ" అన్నారు.

"అయితే నేనొకటి ఇస్తాను" అని అధికారి లేచాడు. మంచివాడే. నవ్వుముఖం, పిల్లలంటే ముచ్చట. బోర్డు దగ్గరికెళ్ళి తనే రాశాడు. ఒక ఇంటిని శుభ్రం చేయడానికి ఒక మనిషికి రెండు గంటలు పడుతుంది. అదే ఇంటిని నలుగురు కలిసి శుభ్రం చేస్తే ఎంతసేపు పడుతుంది?

చేతులు లేచాయి. అరగంట, అరగంట అని గుసగుసలు. కూతురు మాత్రం చెయ్యి ఎత్తలేదు. బోర్డు వంకే చూస్తూ, పెదాలు కదుపుతూ, గాల్లోనే అంకెల మీద వేలు పెట్టి మూసుకుంటోంది. ఆ పిల్ల ఎవరో అధికారికి తెలియదు. "నువ్వు చెప్పమ్మా, అంత ఆలోచిస్తున్నావు" అన్నాడు.

పిల్ల లేచి నిలబడింది. "రెండు గంటలండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. "అదెలా?" అన్నాడు అధికారి, తనూ నవ్వుతూ.

"కథ చదివితే అలాగే వచ్చిందండీ" అంది పిల్ల, చాలా శ్రద్ధగా. "మా ఇంట్లో నలుగురమే ఉంటాం. నాన్న పేపరు చదువుతారు. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాకు హోంవర్కు ఉంటుంది. ఇంక అమ్మ ఒక్కతేగా. అందుకని నలుగురం ఉన్నా రెండు గంటలే." ఆగి, ఇంకొంచెం ఆలోచించి, "కాదు కాదు, రెండుంపావు. మధ్యలో నాన్నకి టీ పెట్టాలి" అంది.

క్లాసు గొల్లుమంది. ముందు వరసల్లో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేతుల్తో పొడుచుకుని నవ్వారు. పై తరగతుల లెక్కల సారు వెనక్కి తిరిగి మరీ ఆమె భర్త ఎక్కడున్నాడో చూశాడు. అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. హెడ్‌మాస్టారు నవ్వుతున్నారు కానీ కళ్ళు నవ్వడం లేదు. ఆ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి, సర్దుబాటు చెయ్యి అన్నట్టు. వెనక వరసల్లో ఆడవాళ్ళు నవ్వడం లేదు. ఒకావిడ తన చేతుల వంక చూసుకుంటోంది.

అంత మందిలో ఆ లెక్కని సరిగ్గా చదివింది తన కూతురొక్కతే అని ఆమెకి తెలుసు. తను నేర్పినట్టే చదివింది. ఎవరున్నారో చూసింది, ఏం చేస్తున్నారో చూసింది, ఇది నిజంగా జరిగే పనేనా అని ప్రశ్న వేసుకుంది. ఇప్పుడు ఒక్క మాట చాలు. బాగా ఆలోచించావు, ఇంకా మాట్లాడుకుందాం అంటే చాలు. కానీ ఆమె కళ్ళకి ఆ ఎర్రటి చెవులు కనబడుతున్నాయి. ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందో, ఆ నోటి నుంచి ఏ మాటలు వస్తాయో, అవి ఎన్నాళ్ళు సాగుతాయో, ఆ అలసట అంతా ఒక్కసారిగా ముందే వచ్చి మీద పడింది.

"తప్పు. అరగంట. కూర్చో" అంది.

తప్పు అనే మాట ఆ గదిలో ఆమె నోట పిల్లలు ఎప్పుడూ వినలేదు. ఎలా వచ్చిందో చెప్పు అంటుంది, ఇంకోసారి చదువు అంటుంది. అంతే. కూతురు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కూర్చుంది. గాల్లో అంకెలు మూసిన చెయ్యి కిందకి దించి, ఒళ్ళో పెట్టుకుంది.

బడిలో ఆ తర్వాతంతా టీలు, బిస్కెట్లు. అధికారి వెళ్ళేటప్పుడు "ఆ పాప మీ అమ్మాయేనటగా, భలే నవ్వించింది" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కప్పులన్నీ ఏరి కడిగి బోర్లించాక ఇంటికి బయల్దేరింది.

ఆమె అనుకున్నదానికంటే తక్కువేమీ జరగలేదు. "ఇంటి గుట్టు పదిమందిలో విప్పించడానికా నన్ను రమ్మన్నావు?" అన్నాడు భర్త. రమ్మనలేదని ఆమె అనలేదు. "పిల్లకి ఇదేనా నువ్వు నేర్పేది? బయట నేనెంత చాకిరీ చేస్తే ఈ ఇల్లు నడుస్తోంది, అది చెప్పిందా? పేపరు చదువుతానట, టీ తాగుతానట!" పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. "ఇకమీదట దాని లెక్కలు నేను చూస్తాను. నువ్వు కథలు చెప్పింది చాలు." అత్తగారు కుర్చీలో కూర్చుని కాళ్ళు రాసుకుంటున్నారు.

అతను స్నానానికి వెళ్ళాక ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగారు.

"అది నన్ను మోకాళ్ళ నొప్పుల ముసలమ్మని చేసి పక్కన కూర్చోబెట్టింది చూశావా" అన్నారు.

"చిన్నపిల్ల అత్తయ్యా, తెలీక..."

"తెలీదనే అంటున్నాను. ఈ మోకాళ్ళు పుట్టినప్పుడే ఇలా ఉన్నాయనుకుంటోంది." గుమ్మానికి ఆనుకున్నారు. "ఆ రోజుల్లో మా ఇంట్లో పదకొండు మందిమి. ఈ లెక్క నన్నెవరైనా అడిగుంటే పొద్దస్తమానం అని చెప్పేదాన్ని. అడగలేదు." ఆ మాటని కోపంగా అనలేదు, బాధగా కూడా అనలేదు. నీళ్ళ గ్లాసు అందుకుని తాగి, ఎలా వచ్చారో అలాగే గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళలో అత్తగారు తనతో మాట్లాడిన మాట అదొక్కటే అనిపించింది ఆమెకి. మిగిలినవన్నీ అడిగినవీ, పురమాయించినవీ.

ఆ రోజు నుంచి సాయంత్రాలు తండ్రే కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు. ఒళ్ళో ఫోను, ముందు పుస్తకం. "మొత్తం అని ఉంటే కలుపు. మిగిలింది అని ఉంటే తీసెయ్. తలా అని ఉంటే భాగించు. అంతకంటే చదవక్కర్లేదు" అనేవాడు. వంటింట్లోంచి ఆమెకి అన్నీ వినబడేవి. ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. పొయ్యి మీద ఏదో మాడు వాసన వేస్తే వెనక్కి వెళ్ళింది.

తర్వాత క్లాసులో పరీక్ష పెట్టింది. కాగితాలు దిద్దుతుంటే ఒక్కో కాగితానికీ ఆమె చెయ్యి బరువెక్కింది. పెట్టెలో పట్టే సీసాల లెక్క, అచ్చం బెంచీల లెక్కలాంటిదే. పిల్లల్లో ఎక్కువమంది మిగిలిన సీసాల్ని గాలికి వదిలేశారు. పిచ్చుక అయితే రెండు అంకెలూ శుభ్రంగా కలిపేసింది. కూతురి కాగితం మీద లెక్క చక్కగా ఉంది, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, చివర శేషం మూడు అని రాసి కింద గీత కొట్టి ఉంది.

ఇంటికొచ్చాక పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది. "మరి ఈ మూడు సీసాలూ ఏమైనట్టే?"

"ఏమో."

"ఏమో ఏంటి? వాటికి పెట్టె అక్కర్లేదూ?"

"అవన్నీ అడిగితే అందరూ నవ్వుతారమ్మా" అంది పిల్ల, ఆమెకి తెలియని విషయం నేర్పుతున్నట్టు. "జవాబు ఏం కావాలో అది రాసేస్తే అయిపోతుంది."

ఆమె లేచి బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తూ నిలబడిపోయింది. చొక్కా ఒకటి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. ఏం కావాలో అది చెప్పేస్తే అయిపోతుంది. ఆ విద్య ఈ పిల్లకి ఎవరు నేర్పారు? తండ్రి అనుకోవడం తేలిక. కానీ అతను నేర్పుతున్నది కూడికలూ తీసివేతలే. ఈ పాఠం తనే చెప్పింది, బోర్డు ముందు నిలబడి, మూడు మాటల్లో. క్లాసంతా విన్నది. తొమ్మిదేళ్ళ పిల్ల, తను ఇన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఇంత త్వరగా నేర్చేసుకుంది. కోప్పడే ముఖాన్ని చూడ్డం, ఏ మాటకి ఆ ముఖం చల్లబడుతుందో కనుక్కోవడం, ఆ మాట అనెయ్యడం. నీకే సుఖం అంటే అవును నాకే సుఖం అనెయ్యడం. ఇలాగే పెరిగి పెద్దదవుతుంది. చక్కటి దస్తూరీతో ఏ ఇంట్లోనో అన్ని జవాబులూ సరిగ్గా రాస్తుంది. బట్టల దొంతర ఆమె చేతుల్లో ఒరిగి కింద పడింది. వంగి తీసే ఓపిక లేక అలాగే చూస్తూ నిలబడింది.

మర్నాడు క్లాసులోకి వెళ్ళి పుస్తకాలు తియ్యొద్దంది. అధికారి రాసిన లెక్కని మళ్ళీ బోర్డు మీద రాసింది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కూతురు తలొంచుకుంది.

"ఆ రోజు మీ అందరి ముందూ ఒక జవాబుని తప్పు అన్నాను. ఆ జవాబు ఎలా వచ్చిందో మనం మాట్లాడుకోనే లేదు. అలా అనకూడదు. ఇప్పుడు అంకెలు మూసి చదవండి. ఈ కథలో ఎవరున్నారు?"

"నలుగురు మనుషులు టీచర్."

"ఆ నలుగురూ పని చేస్తున్నారని ఎక్కడుంది?"

పిచ్చుక లేచింది. "కలిసి అనుంది టీచర్."

"ఆ. ఆ మాట మీదే లెక్కంతా నిలబడి ఉంది. నలుగురూ, మొదటి నుంచీ చివరిదాకా, సమానంగా చేస్తే అరగంట. ఒక్కళ్ళే చేస్తూ ముగ్గురు ఊరికే ఉంటే?"

"రెండు గంటలు" అన్నారు నలుగురైదుగురు.

"మీ ఇంట్లో ఎలా?"

ఇక చూడాలి. గది తేనెతుట్టె కదిపినట్టయింది. ఒకడు వాళ్ళింట్లో నాన్నే తుడుస్తాడనీ, అమ్మది రాత్రి డ్యూటీ అనీ అన్నాడు. ఇంకొకమ్మాయి తమ్ముడు సాయం చేస్తానని వస్తే రెండు గంటల పని మూడు గంటలవుతుందంది. ఆ తమ్ముణ్ణి కలపాలా, తీసెయ్యాలా అని పెద్ద వాదన జరిగింది. పిచ్చుక ఎప్పట్లా కదలకుండా నిలబడి చెప్పింది. "మా అమ్మ వేరేవాళ్ళ ఇళ్ళల్లో కూడా పని చేస్తుంది టీచర్. అక్కడ టకటకా అయిపోతుంది. మా ఇంటికొచ్చేసరికి అలిసిపోతుంది. అందుకని మా ఇల్లు చిన్నదైనా ఎక్కువసేపు పడుతుంది."

ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఏ పుస్తకంలోనూ ఆ ఇబ్బంది రాదు. పుస్తకంలో మనిషి పొద్దున ఎంత వేగంతో చేస్తే సాయంత్రమూ అంతే వేగంతో చేస్తాడు. "అది కూడా లెక్కలోకి రావాలి" అంది మెల్లిగా. "ఎలా తీసుకురావాలో నాకూ తెలీదు. ఆలోచిద్దాం."

అప్పుడు కూతురు చెయ్యి ఎత్తింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"మరి ఆ రోజు ఎందుకు తప్పన్నారు టీచర్?"

క్లాసు మొత్తం ఆమె వంక చూసింది. చెప్పడానికి పదిరకాల జవాబులున్నాయి. టైము లేదనో, పెద్దవాళ్ళున్నారనో.

"భయపడ్డాను" అంది ఆమె.

టీచర్లు భయపడతారని పిల్లలకి తెలియదు. ఎవరూ నవ్వలేదు. కూతురు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కానీ కూర్చున్నాక కాగితం దగ్గరికి లాక్కుని ఏదో గీసుకోవడం మొదలుపెట్టింది.

గుమ్మంలో హెడ్‌మాస్టారు నిలబడి ఉన్నారని ఆమె అప్పుడు చూసింది. వరండాలోకి పిలిచారు. "ఎవరింట్లో ఎవరు ఊడుస్తారన్నది మనకెందుకమ్మా? ఇళ్ళ సంగతులు బడిలోకి తేకండి."

"లెక్కలో ఇల్లు నేను పెట్టలేదు సార్. ఆ అధికారి గారు పెట్టారు. ఇల్లు వచ్చాక అందులో మనుషులు కూడా వస్తారుగా."

ఆయన ఆమెని కొత్తగా చూసినట్టు చూసి, వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వంట ముగించి గిన్నెల మీద మూతలు పెట్టింది. కాళ్ళు లాగుతున్నాయి, నడుం పట్టేసింది. ఏదో గొప్ప పని చేశానన్న హుషారేమీ లేదు. రోజూ ఉండే బరువే ఉంది. హాల్లో బల్ల దగ్గర కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారు తన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. పిల్ల లెక్క చదువుతుండగా భర్త వచ్చాడు. బూట్లు విప్పకుండానే నిలబడ్డాడు.

"మీ హెడ్‌మాస్టారు ఫోన్ చేశారు."

"ఎవరికి?"

"నాకు. నువ్వు క్లాసులో మళ్ళీ అదే లెక్క పట్టుకున్నావట."

"నా పని గురించి చెప్పాల్సింది నాకుగా. మీకెందుకు చేశారు?"

"కాస్త చెప్పి చూడమన్నారు. నేను చూసుకుంటానన్నాను."

"ఏం చూసుకుంటారు?" అంది ఆమె. కోపంగా కాదు. క్లాసులో ఏ పిల్లనో ఇంకోసారి చదవమన్నట్టు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

అతను తల్లి వంక చూశాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నారు, కానీ కొడుకు వంక చూడటం లేదు, బల్ల మీద పుస్తకం వంక చూస్తున్నారు. "సరే, అవన్నీ తర్వాత. ముందు దాని లెక్కలు నేను చెప్తాను, లే. నువ్వు అన్నం సంగతి చూడు" అన్నాడు.

"దీని లెక్కలు ఇవాళ్టి నుంచి నేనే చూస్తాను. వంటయింది. వేడి చేసుకోవడమొక్కటే. ఆ పని ఎవరైనా చెయ్యొచ్చు."

ఆమెకి ఆ రోజు క్లాసులో మీద పడ్డ అలసటే మళ్ళీ తన్నుకొస్తోంది. లేచిపోతే అయిపోతుంది అంటోంది. వంటింట్లోకి నడిస్తే ఒక్క నిమిషంలో ఇల్లు మామూలుగా అయిపోతుంది. ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. చివరికి అతను విసురుగా బూట్లు విప్పి ఓ మూలకి తోసి, వంటింట్లోకి నడిచాడు. మూతలు తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు. ఒక సొరుగు తెరుచుకుంది, ఇంకో సొరుగు తెరుచుకుంది.

"అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావ్?" అని కేక వినబడింది.

పిల్ల తలెత్తి తల్లి వంక చూసింది. అగ్గిపెట్టె ఎక్కడుందో ఆ పిల్లకి కూడా తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది.

"నువ్వు లెక్క చదువు" అంది ఆమె.